పెరటి తలుపు బడి

సంచీ తగిలించుకుని వీధి తలుపులోంచి బయల్దేరిన కూతురు, ఇల్లు చుట్టి వచ్చి పెరటి తలుపు కొట్టింది. ఈ ఏడాది నుంచి వంటిల్లే బడి, అమ్మే టీచరు. మొదటి రోజు కదా, అమ్మ కొంగు సర్దుకుని మరీ తలుపు తీసింది.

“లోపలికి రావచ్చా, టీచర్?”

“రామ్మా. ఆలస్యమైందేం?”

“మా అమ్మ ఒక పట్టాన తెమల్లేదండీ. పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.”

“అయ్యో పాపం, ఎందుకట?”

“లెక్కలంటే హడలు. ఆ పుస్తకానికి అట్ట కూడా తలకిందులుగా వేసింది, చూడండి!”

“మీ ఇంటి గుట్టు నాకెందుకు గానీ, కూర్చో. ఏడెనిమిదులు ఎంత?”

“యాభై నాలుగు.”

“శభాష్!”

“యాభై ఆరండీ. మిమ్మల్ని పరీక్షించా!”

“ఓసి గడుగ్గాయీ!” అంటూ ముందు టీచరే పడీపడీ నవ్వింది.

ఇక పాఠం సాగితే ఒట్టు. అమ్మ గరిటెతో పళ్లెం మీద గంట కొట్టింది. కూతురు మళ్లీ ఇల్లు చుట్టి వచ్చి, ఈసారి వీధి తలుపు కొట్టింది.

“వచ్చావా తల్లీ! కొత్త టీచర్ ఎలా ఉంది?”

“ఎక్కాలు రావమ్మా ఆవిడకి. నేనే నేర్పాలి.”

“మాన్పించెయ్యనా మరి?”

“వద్దొద్దు! పాత బళ్లో నేను తప్పు చెబితే అందరూ నన్ను చూసి నవ్వేవాళ్లు. ఈవిడ తన తప్పుకి తనే నవ్వేసింది.”

అమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

“అయితే... రేపు కూడా వెళ్తావా?”

“రేపేంటమ్మా? మధ్యాహ్నం బడి లేదూ?” కూతురు అప్పుడే మెట్లు దిగి పరుగు తీసింది. “తలుపు తియ్యమని ఆవిడకి చెప్పు!”