సుకురమ్మ కప్పిన నీలికత్తి దుంపలు

సుకురమ్మని చింతపల్లి అవతల కొండ మీద దొరసాని బంగళాలో తోటపనికి పెట్టుకున్నారంట. ఆ దొరసాని తమ చలిదేశం నుంచి పన్నెండు దుంపలు తెచ్చి నాటించింది. చూడ్డానికి అచ్చం అల్లమే అనుకో, ఆకు మాత్రం కత్తిలా నిటారుగా లేస్తాది. పువ్వు నీలంగా ఉంటాదని చెప్పింది గానీ ఇక్కడ చూసినోళ్లు లేరు. అసలు పేరు నోరు తిరక్క మనోళ్లు నీలికత్తి అన్నారు. చలి ముదిరేముందు దొరసాని సముద్రం ఒడ్డుకి దిగిపోతూ చెప్పిందంట, నేనొచ్చేసరికి ఇవి పూస్తే ఈ పనీ, తోటెనకాల గదీ నీవే, చచ్చిపోతే కింద నుంచి వేరే తోటమాలిని తెచ్చుకుంటానని. సుకురమ్మకీ, మొగుడు బొంజుకీ ఆ గది తప్ప వేరే ఇల్లు లేదు మరి.

ఏమైందంటే, విత్తనం అల్లాన్ని మనమేం చేస్తాం? గోతిలో పెట్టి, మందంగా ఆకు కప్పి, పైన మట్టి మెత్తుతాం. ఆమె కూడా అదే చేసింది, వీటికి మోకాలెత్తు ఆకు కప్పి మట్టి మెత్తింది. రోజూ ఇన్ని నీళ్లు కూడా చల్లేది. ఇంతలో వాళ్ల కోడి పురుగుల కోసం గీకి గీకి ఓ మూల దుంపల్ని బయటేసిందంట. ఈమె కప్పడం, అది గీకడం. మళ్లీ కప్పడం, మళ్లీ గీకడం. నాలుగోరోజు కోపమొచ్చి కోడిని గంప కింద మూసి, ఆ దుంపల్ని చేతిలోకి తీసుకుంటే ఏముంది, రాయిలా గట్టిగా ఉన్నాయి. ఇదేంటని పక్కన ఆకు తీసి, కప్పినదాన్ని నొక్కితే వేలు దిగిపోయింది, ఒకటే కంపు. ఇంకోటి తీసింది, అదీ అంతే. అక్కడే కూలబడి ఆలోచించిందంట, చలికి చచ్చేవైతే బయట పడ్డవే ముందు చావాలి కదా అని. లేచి ఆకంతా లాగేసింది. కుళ్లింది కోసి పారేసి, కోసినచోట బూడిద రాసింది. కత్తుల్లాంటి ఆకుల్ని జానెడుంచి కత్తిరించింది. నీటిలో పడుకున్న గేదె వీపులాగ దుంప వీపు మట్టి పైకి కనపడేలా పెట్టింది. నీళ్లు మానేసింది. బొంజు చూసి హడలిపోయాడు.

"పసిపిల్లల్ని బట్టల్లేకుండా చలిలో పడుకోబెట్టినట్టుందే. దొరసానికేం చెప్తావు?"

"కప్పి చంపానని చెప్పడం కంటే ఇదే నయం" అందంట.

ఆ ఏడు చలి మామూలుది కాదర్రా. పుష్యమాసంలో గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు పేరింది. ఆమె పొద్దున్నే పోయి ఆ వీపులు తడిమేది. గట్టిగానే ఉన్నాయి. ఎండలు మొదలయ్యాక ఒక్కోదాని నడుమ నుంచి మొగ్గ లేచింది. నీలమంటే మనమెరిగిన నీలం కాదంట, వాన ముందు మబ్బుకి కాస్త ఊదా కలిపినట్టు, నాలుక చాపినట్టు రేకు, రేకు మీద పచ్చటి నూగు. పన్నెండులో ఏడు పూశాయి. దొరసాని వచ్చి ఏడింటినీ చూసి, మిగతా ఐదూ ఏవంది. సుకురమ్మ దాచలేదు, కప్పి చంపేశానని చెప్పేసింది. దొరసాని, "మా అమ్మ కూడా మొదటి ఏడు అలాగే చంపింది. గది నీదే" అందంట.

ఇదంతా విని మా తాత, మన అల్లం ఏం పాపం చేసిందని, విత్తనమంతా గోతిలోంచి తీసి చలిలో పరిచాడు. ఆ ఏడు మా ఇంట్లో కూరకి కూడా అల్లం లేదనుకో. ఎవరైనా ఎత్తిపొడిస్తే, "చూడందే నాకెలా తెలుస్తాదిరా" అనేవాడు.