నొక్కకపోయినా నొక్కినట్టే

మధ్యాహ్నం రెండు దాటింది. కర్మాగారంలో రేకులు నొక్కే ప్రెస్సు ఆపరేటరు ఇంట్లో, కంప్యూటరు ముందు, గేములాడటానికి కర్రా బటన్లూ బిగించిన చెక్కపెట్టెను బోర్లించి వైర్లు కలుపుతున్నాడు అతని బావ, అదే కర్మాగారంలో ఎలక్ట్రీషియను.

"వేళ్ళు పోయింది మంగళవారం కాదు బావా, బుధవారం."

"ఏదైతేనేం లే. ఆ నల్లవైరు ఇటివ్వు."

"ఏదైతేనేం అంటే ఎలా? రేపు ప్రమాదం గురించి ఆఫీసరొచ్చి అడుగుతాడు. రోజు కూడా తెలీదా అంటాడు."

"అడగడు. కాగితం కంపెనీవాళ్ళు ముందే రాసుంచారు. నువ్వు సంతకం పెట్టి రావడమే."

"ఎడంచేత్తో."

"వైరు ఇవ్వరా."

"ఇదిగో. ఏంటి, బటన్లన్నిటికీ ఒకే వైరు చుట్టుకుంటూ పోతున్నావు?"

"నల్లది అందరికీ ఉమ్మడి. గొలుసులా ఒకదాన్నుంచి ఒకదానికి పోతుంది. ఎర్రవైర్లు మాత్రం ఎవరివి వాళ్ళవే. అన్నీ ఈ చిన్న బోర్డుకొస్తాయి, బోర్డు కంప్యూటరుకి. ఎవరో కీబోర్డు నొక్కుతున్నారనుకుంటుంది అది."

"ఉమ్మడి కాపురం, వేరు వంటలు."

"అంతే. మామూలుగా కర్ర ఎడమపక్క, బటన్లు కుడిపక్క. నీకు తిరగేశా. కర్ర నెట్టడానికి నీ కుడి అరచెయ్యీ బొటనవేలూ చాలు. నొక్కడం ఎడంచేత్తో."

"నా ఎడంచెయ్యి ఉత్త దండగ అనేవాడివి, గేముల షాపులో."

"అనేవాణ్ణి."

"నన్ను అందులో కూర్చోబెట్టి నువ్వు బయట అక్కతో కబుర్లు. ఆట అయిపోయిందని వస్తే, ఇంకోటి ఆడుకో పోరా అనేవాడివి. నాకంత బాగా ఆడటం వచ్చిందంటే మీ ప్రేమ పుణ్యమే."

"సరే, ప్లగ్గు పెట్టు."

"పెట్టా. ఇదేంటి బావా, వాడంతట వాడే కాల్చేస్తున్నాడు."

"ఎవరు?"

"తెరమీద మనవాడు. నేను చెయ్యి కూడా పెట్టలేదు. చూడు, ఆగట్లేదు."

"పీకెయ్. ప్లగ్గు పీకెయ్, పీకెయ్."

"పీకా, పీకా. ఆటే కదా, ఎందుకంత అరుపు?"

"పొద్దున్నుంచి ఏం తిన్లేదు."

"ఏమైంది దానికి?"

"ఏం లేదు. స్విచ్చికి మూడు కాళ్ళుంటాయి. ఒకటి ఉమ్మడిది. ఒకటి నొక్కితే కలిసేది. మూడోది ముందే కలిసుంటుంది, నొక్కితే విడిపోతుంది. ఎర్రవైరు ఆ మూడోదానికి తగిలించా. పొరపాటు."

"ఇరవై ఏళ్ళ ఎలక్ట్రీషియనువి."

"పొరపాటన్నాగా."

"అంటే, నొక్కకపోయినా నొక్కినట్టే అనుకుంటుంది."

"ఆ."

"ప్రెస్సు కూడా అనుకుంటుందా?"

"ఆ చిన్న స్క్రూడ్రైవరు... నీ మోకాలి దగ్గరుంది."

"ప్రెస్సుకి రెండు బటన్లు. రెండు చేతుల్తో రెండూ నొక్కితేనే దిగుతుంది. దిగేటప్పుడు చేతులు బయటుండాలని పెట్టిందే అది."

"నాకు చెప్తున్నావా?"

"ముక్క ఇరుక్కుంటే కుడిచేత్తో లాగుతూ, ఎడంచెయ్యి బటన్ మీదే ఆనించుకునేవాణ్ణి. అందరం అంతేగా. కుడిది నొక్కందే కదలదని ధీమా. ఆరేళ్ళు కదల్లేదు. ఆ బుధవారం ఎందుకు కదిలింది?"

"కుడి బటన్ ఎప్పుడూ నొక్కి ఉండేలా దానిమీద టేపు వేశావని సూపర్‌వైజరు..."

"నేను వెయ్యలేదు."

"అంత నొప్పిలో, ఆ మత్తుమందుల్లో నీకు గుర్తుండదు."

"ఇరవై రోజుల్నించీ అదే మాట. గుర్తుండదు, గుర్తుండదు. నాకే నామీద నమ్మకం పోతోంది బావా. కళ్ళు మూసుకుంటే నేనే టేపు వేస్తున్నట్టు కనపడుతోంది. రేపు సంతకం పెడితే తప్పు నాదని నేనే ఒప్పుకున్నట్టు. ఇంక ఏ మిషను దగ్గరికీ రానివ్వరు."

"పెట్టొద్దు."

"ఏంటి?"

"సంతకం పెట్టొద్దు."

"పొద్దున్న కూడా పెట్టేయ్, గొడవెందుకన్నావు."

"కుడి బటన్ స్ప్రింగు చచ్చిపోయింది. మంగళవారం. కొత్తది స్టోర్లో లేదు. ఈ ఒక్క రోజుకీ ఎలాగోలా కానివ్వమన్నాడు సూపర్‌వైజరు. పెట్టె తెరిచి లోపల చిన్న తీగముక్క కలిపా. జానెడు కూడా ఉండదు."

"కుడిది ఎప్పుడూ నొక్కినట్టే."

"ఎప్పుడూ నొక్కినట్టే."

"బుధవారం నేను దాన్ని ఊరికే నొక్కుతున్నా. తెలీక."

"చెప్దామనే గేటు దగ్గర నిలబడ్డా. పైన మోటారు ఆగిపోయిందని కేకేశారు. పది నిమిషాల పనేగా అని వెళ్ళా. కిందికి దిగేసరికి నిన్ను మోసుకొస్తున్నారు."

"అక్కకి తెలుసా?"

"తెలీదు. రేపు ఆఫీసరుకి నేనే చెప్తా. పోతే పోనీ ఉద్యోగం."

"చెప్తావా?"

"చెప్తా. భయంగా ఉంది. అయినా చెప్తా."

"తీగ ఎప్పుడు తీశావు?"

"తియ్యలేదు. ఆ రోజే ప్రెస్సుకి తాళం వేశారుగా, ఆఫీసరు చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదని. రేపు ఆయన ముందే తీస్తా. అప్పటిదాకా ఎవరికీ ఏం కాదు."

"బావా, తాళం నిన్న సాయంత్రమే తీశారు."

"ఎవరు చెప్పారు? నేను రెండ్రోజులై సెలవులో ఉన్నా."

"అక్క. సరుకు ఆగిపోతోందని ఇవాళ్టి నుంచి నడుపుతున్నారట."

"మీ అక్క ఉండేది ప్యాకింగులో, దానికేం తెలుసు?"

"ఇంట్లోవాళ్ళెవరైనా నా చోట్లో నిలబడితే, నేను కోలుకునేదాకా నా ఉద్యోగం అట్టే పెడతామన్నారట. లేదంటే బయటివాళ్ళకి ఇచ్చేస్తారు. నీతో అంటే వెళ్ళనివ్వవని చెప్పొద్దంది."

"ఎక్కడికి వెళ్ళనివ్వనని?"

"రెండింటి షిఫ్టు. ప్రెస్సు మీద అక్కే."

"ఫోను చెయ్ దానికి."

"ఫోన్లు గేటు దగ్గరే పెట్టించేస్తారుగా."

"గేటుకే చెయ్. వాచ్‌మన్‌తో చెప్పు, పరిగెత్తి మెయిను స్విచ్చి ఆపమను. నా బండి తాళం ఏది? ఇక్కడే పెట్టా, ఇక్కడే..."

"జేబులో ఉంది చూసుకో. మోగుతోంది. ఎత్తట్లేదు."

"మళ్ళీ చెయ్. కొత్తదిగా, అది మెల్లిగా చేస్తుంది. రెండు చేతులూ బయటే ఉంచుకుంటుంది. జాగ్రత్త మనిషి."

"బావా, ముక్క ఇరుక్కుంటే కుడిచేత్తో లాగు, ఎడంచెయ్యి బటన్ మీద ఉన్నా ఏం కాదని నిన్న నేనే నేర్పా. మోగుతూనే ఉంది. ఇంకా ఎవరూ ఎత్తలేదు."