జానెడు ఖాళీ

రామగిరి శివారులో బోరు రిగ్గు ఆగింది. భూమిలోంచి తీసిన రాతి కడ్డీలను పెట్టెలో వరుసగా పేర్చి డ్రిల్లరు పక్కన నిలబడ్డాడు. కొత్తగా వచ్చిన జియాలజిస్టు పెట్టె ముందు కూర్చుంది.

"కాకా, ఇసుకరాయి కిందనే బొగ్గు వచ్చిందా? నడుమ ఏం లేదా?"

"ఏం లేదు బిడ్డా. అతికినట్టే వచ్చింది."

"మరి బోరు లోతుకు, పెట్టెల ఉన్న రాయికి జానెడు తేడా ఎట్లొచ్చింది?"

అతని చెయ్యి జేబు మీదికి పోయింది.

"రాయి రాని కాడ చెక్క ముక్క పెట్టాలె గదా. తీసేసినవా?"

"పెద్ద సారు వస్తున్నడన్నరు. ఇన్నేండ్ల డ్రిల్లరు రాయి పోగొట్టిండంటే నవ్వరా? అందుకే దగ్గరికి జరిపిన."

"నువ్వు పోగొట్టలే కాకా. అక్కడ మెత్తటి బంకమట్టి ఉన్నట్టుంది, డ్రిల్లింగు నీళ్లకు కొట్టుకపోయింది. రేపు కింద బొగ్గు తీస్తే పైకప్పు అదే. గట్టి రాయి అనుకొని, కప్పు కూలకుండ కొట్టే బోల్టులు తక్కువ కొడ్తే?"



"బొగ్గుబాయిల కప్పుకు బోల్టులు కొట్టేది నా పిలగాడే బిడ్డా."

జేబులోంచి చెక్క ముక్క తీశాడు. రాయినీ బొగ్గునూ ఎడంగా జరిపి నడుమ పెట్టాడు.

"సారుకు నేను చెప్త, ఫికర్ చెయ్యకు."

"వద్దు బిడ్డా. తీసింది నేను. నేనే చెప్త."