స్లోలో పెడితే వణుకు

ముసలి లారీ షెడ్డులో నిలబడి గజగజా వణుకుతోంది. దాన్ని కొనేవాడు దారిలో ఉన్నాడు. నడిపే బావ ఇంజను మీదికి వంగాడు, అక్క స్టీరింగు ముందు కూర్చుంది, మెకానిక్కయిన అక్క తమ్ముడు చేతులు తుడుచుకుంటున్నాడు, తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఎంతసేపురా బావమరిదీ ఆ చేతులు? రోడ్డెక్కితే గుర్రంలా పోతోంది, కాలు తీసి స్లోలో పెడితే చలిజ్వరం వచ్చినట్టు వణికి చస్తోంది! నిన్న నువ్వు సర్వీసు చేసినప్పట్నుంచీ కుంటుతూనే ఉంది, ఈ పొద్దున్న మరీ ఎక్కువైంది. వాడొచ్చేస్తాడు!"

"వస్తే రానీ బావా. అడగ్గానే రోగం చెప్పడానికి ఇంజనుకేం నోరుందా? అక్కా, కొంచెం రేసు చెయ్యి."

"చేస్తున్నా. ఇదిగో, ఇలా తొక్కితే బాగానే ఉంది. కాలు తీశానా, మళ్లీ మొదలు."

"ఒక్కో సిలిండరుకీ డీజిల్ నట్టు వదులు చేసి చూడరా. దేన్ని వదిలితే చప్పుడు మారదో అదే దొంగ."

"నాకే నేర్పుతావా బావా? అవన్నీ శుభ్రంగా ఉన్నాయి. ముందు ట్యాంకు నుంచొచ్చే పైపు చూద్దాం."

"మరి ఈ డీజిల్ వాసనేంటి?"

"లారీ షెడ్డులో డీజిల్ వాసన రాక మల్లెపూల వాసనొస్తుందా?"

"ఆ నట్లకి గుడ్డ ఎందుకు చుట్టావు?"

"ఏ గుడ్డ? ఓ, అదా... వేడికిలే. ఇదిగో బావా, దొరికింది! పైపులో బుడగలు చూడు. క్లిప్పు వదులై గాలి లాగేస్తోంది."

"క్లిప్పా? పాతది కదా... అదే వదులయ్యుంటుందిలే."

"దానంతట అదే వదులైతే స్క్రూ మీద కొత్త గీత ఎలా మెరుస్తుంది? ఎవరో పనిగట్టుకుని తిప్పారు."

"ఎవరో ఒకరు! బిగించి పారెయ్యి, మాటలెందుకు?"

"ఏవండీ. ఇటు తిరగండి. నా మొహంలోకి చూసి చెప్పండి."

"ఏం చూడాలే నీ మొహంలో... నేనే తిప్పాను! చాలా? వణికితే కొనేవాడు దండం పెట్టి పోతాడనుకున్నా."

"అమ్మేద్దామన్నది మీరేగా!"

"ఇక ఇంటిపట్టున ఉందామన్నది నువ్వేగా!"

"మీరు నడుం పట్టుకుని మూలుగుతుంటే ఇంకేమనను? మీ మీద జాలితో అన్నాను. ఆ పక్కసీటు నాకోసం దూది పెట్టి కుట్టించారు, అందులో కూర్చుని చూడని ఊరు లేదు. ఇప్పుడు గోడలు చూస్తూ కూర్చోవాలని నాకేమన్నా సరదానా?"

"ఈ ముక్క ముందే ఏడవొచ్చుగా!"

"మీరడిగితేగా!"

"అక్కా, బావా, పోట్లాట ఇంటికెళ్లి పెట్టుకోండి. క్లిప్పు బిగించాను. స్టార్టు చెయ్యి."

"వణుకుతూనే ఉందిరా."

"కొంచెం తగ్గిందిలే. అరె, స్లోలో ఇంజను వేగం నిలిపే ఈ స్క్రూని ఎవరో బాగా దించేశారు. బావా, ఇది కూడా నీ పనేనా?"

"నీ మీద ఒట్టు, దాని జోలికే పోలేదు."

"మరెవరు? అక్కా, నువ్వెందుకు నవ్వుతున్నావు?"

"ఇన్నేళ్లు డ్రైవరు పక్కన కూర్చున్నది ఊరికేనా? పొద్దున్న మీ బావ స్నానానికి వెళ్లగానే నేనూ ఒక చెయ్యి వేశాను."

"ఓసి నీ దుంప తెగ! మొగుడికి తెలీకుండా పెళ్లాం, పెళ్లానికి తెలీకుండా మొగుడు..."

"చాల్లెండి, ముందు ఆ కొనే ఆయనకి ఫోన్ కొట్టండి."

"హలో, అన్నా! ఎక్కడిదాకా వచ్చారు? మరేం అనుకోకండి, వెనక్కి తిరిగెయ్యండి. అబ్బే, బండికేం రోగం లేదు, రోగమంతా మాకే... ఇదిగో, ఆయన నవ్వుతున్నాడే!"

"నవ్వడూ మరి! తమ్ముడూ, నీ మొహమేంట్రా అలా వెలిగిపోతోంది?"

"ఏం లేదక్కా. ఈ బండి చెడినప్పుడే కదా నువ్వు నా దగ్గరకొచ్చేది. అది అమ్ముడైపోతే ఇక ఎప్పుడొస్తావో అని... సరే, స్క్రూ సరిచేశా. కాలు తియ్యి."

"ఇంకా కుంటుతోందిరా!"

"క్లిప్పు అయింది, స్క్రూ అయింది, ఇంకేం మిగిలిందిరా? ఆ పానా ఇలా పడెయ్, గుడ్డ విప్పి ఆ నట్లు నేనే చూస్తా."

"వద్దు బావా, పానా నా దగ్గరే ఉండనీ. మూడో నట్టు ఎన్ని చుట్లు వదిలానో నాకే కదా తెలుసు."