ఆవగింజంత చుక్క

కరుణాకర్ మాస్టారు పోయిన తర్వాత, తెనాలి కాలేజీ లెక్చరర్ శాలేమురాజు మళ్ళీ పిట్టలవానిపాలెంలోని ఆయన డాబా ఎక్కాడు. అప్పుడే పొద్దుగుంకింది. దుప్పటి కప్పిన టెలిస్కోపు పక్కన మాస్టారి భార్య నిర్మల నిలబడి ఉంది.

“వద్దన్నయ్యగారూ. ఆయన పేరు రాయొద్దు.”

“అదేంటమ్మా! కొత్త చుక్కని లోకంలో అందరికన్నా ముందు చూసింది మాస్టారు. పత్రికకి ఆ సంగతి రాయకపోతే పాపం కాదూ?”

“ఆకాశంలో చుక్కలకేం తక్కువండి. మీ పేరే రాసుకోండి.”

“నేను చూడలేదమ్మా, అదే చెప్తున్నా. ఆ రాత్రి గెలాక్సీని వెతికి పెట్టింది నేనే. నాకు ఎప్పటిలాగే పొగమరకలా కనపడింది, అంతే. తర్వాత ఆయన కన్ను పెట్టారు. ‘సార్, అంచున చూడండి, ఆవగింజంత చుక్క. ఇంతకుముందు లేదు’ అన్నారు.”

“మీరు చూశారా?”

“చూశా. ఏమీ లేదు. లేదన్నాను. ఉందన్నారు. లేదు మాస్టారూ అన్నాను. నవ్వి ఊరుకున్నారు.”

“అలాగే నవ్వేవారు.”

“నాలుగు రోజులకి జపాన్‌లో ఎవరో ఫొటో తీశారు. సరిగ్గా అక్కడే, ఆ అంచునే! ఒక నక్షత్రం పేలిపోయిందమ్మా. ఆ వెలుగు కోట్ల ఏళ్ళు ప్రయాణం చేసి వచ్చింది. వచ్చి, ముందుగా ఈ డాబా మీద ఆయన కంట్లో పడింది.”

“కాఫీ తాగుతారా?”

“కాఫీ తర్వాత. ఈ మాట చెబుదామనే ఆ రోజు ఫోన్ చేశాను. మీరెత్తి, పొద్దున్నే పోయారన్నారు.”

“అవునండి. నిద్రలోనే.”

“తనే ముందు చూశానని తెలియకుండానే పోయారు.”

“తెలుసు లెండి.”

“ఎలా తెలుసు?”

“తెలుసు అంతే. కాఫీ పెట్టుకొస్తా.”

“ఆగమ్మా. ఎందుకు రాయొద్దంటున్నారు? ఎవరైనా ఏమైనా అన్నారా?”

“అంటారు. ఎలా చూశాడని అడుగుతారు. అప్పుడు నేనేం చెప్పను?”

“కళ్ళతో చూశాడని చెప్పండి! ఏం కళ్ళమ్మా అవి!”

“అన్నయ్యగారూ, మీరెప్పుడైనా ఆయన్ని పగలు చూశారా?”

“పగలా? లేదు... కాలేజీ అయ్యాక బయల్దేరితే, ఇక్కడికొచ్చేసరికి చీకటేగా. పైగా లైట్లన్నీ ఆర్పించేవారు.”

“అవును. అన్నీ ఆర్పించేవారు.”

“మీరు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించేవారు. ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా ఎంత ముచ్చటో అని మా ఆవిడతో చెప్పేవాణ్ణి.”

“ముచ్చటా...”

“ఏంటమ్మా?”

“ఈ టెలిస్కోపుని ఆయన తిప్పగా చూశారా?”

“‘మీరు తిప్పండి సార్, నేను చూస్తా’ అనేవారు. పెద్దాయన కదా అని నేనే తిప్పేవాణ్ణి.”

“ఏం కనపడుతోందో మీరు చెప్పేవారు. ఆయన వినేవారు. కిందికొచ్చాక అదంతా నాకు చెప్పేవారు. ఉంగరాల గ్రహం, తేనెపట్టులాంటి చుక్కల గుంపు. అన్నీ మీ మాటలే.”

“నా మాటలా?”

“మీకు మాత్రం చెప్పొద్దన్నారు. తెలిస్తే రావడం మానేస్తారని భయం.”

“ఏం చెప్పొద్దన్నారు? అమ్మా, ఏం చెప్పొద్దన్నారు?”

“ఆ ఒక్కరోజు మాత్రం మీ మాటలు చెప్పలేదు. మెట్ల మీదే కూలబడి, నా చెయ్యి వదలకుండా ఏడ్చారు. ‘నిర్మలా, కనపడింది’ అని.”

“కనపడితే ఏడవడమెందుకు?”

“రెండేళ్ళ నుంచి ఆయనకి పగలూ రాత్రీ ఒక్కటేనన్నయ్యగారూ. సుగర్ రెండు కళ్ళూ తీసేసింది.”