ఆఖరి స్టాపు

ఆఖరి స్టాపులో బస్సు ఖాళీ అయింది. టౌను హైస్కూలు నుంచి వచ్చిన కూతుర్ని ఇంటికి పంపేసి, ఆ ఊరావిడ ఒకామె కండక్టరు దగ్గరే నిలబడిపోయింది.

“వచ్చే నెల నుంచి బస్సు మా ఊరికి రాదట, నిజమేనా అన్నా?”

“నిజమేనమ్మా. ఎక్కేవాళ్ళే లేరు. ఖాళీ బస్సు ఎన్నాళ్ళని తిప్పుతారు?”

“మరి మా పిల్ల చదువు?”

“నన్నేం చేయమంటావు చెప్పు? ఇన్నేళ్ళూ మీ ఊళ్ళో మూటలతో ఎక్కి వెళ్ళిపోయేవాళ్ళనే చూశాను.”

“పొలాలు ఎండిపోతే ఏం తిని ఉంటారు? ఇప్పుడు కాలవ బాగుచేశారన్నా. చివరి పొలందాకా నీళ్ళొస్తున్నాయి. ఆడవాళ్ళమంతా కలిసి బీర, కాకర పెట్టాం. పందిళ్ళ నిండా పిందెలే.”

“కొయ్యడానికి మనుషులేరీ?”

“మొన్న నీ బస్సులోనే దిగారుగా, మా తమ్ముడూ మరదలూ.”

“చంటిపిల్లతో, పెట్టెలతో దిగారు, వాళ్ళేనా? చుట్టపుచూపుగా వచ్చారనుకున్నాను.”

“ఉండిపోవడానికే వచ్చారు. కాయలు మార్కెట్టుకి చేరాలంటే మాకు నీ బస్సే దిక్కు. అందరం గంపలతో ఎక్కుతాం. చోటు లేదని నువ్వే కసురుకుంటావు చూడు.”

కండక్టరు విజిలు నోట్లో పెట్టుకోబోయి ఆగాడు.

“కోత ఎప్పుడు?”

“వచ్చే వారమే.”

“డిపోలో చెప్పి చూస్తాను. వింటారో లేదో మాత్రం నా చేతిలో లేదు.”

“నువ్వు చెప్తే చాలన్నా.”

“ఎక్కడ చాలుతుందమ్మా? బస్సు వెనక నిచ్చెన మెట్లు ఊడిపోయాయి. ముందు వాటికి వెల్డింగు పెట్టించాలి. లేకపోతే మీ గంపలు పైకెలా ఎక్కుతాయి?”