గుడ్డ కింద బేరం

చిత్తూరులో బెల్లం మండీల వీధి, 1979. వీధి వైపు మండీ, వెనక ఇల్లు. మధ్యాహ్నం పూట వంటింట్లో మండీ యజమాని దేవరాజులు, ఆయన భార్య వరదమ్మ.

"ఇంగొకసారి చెప్పు. గుడ్డ తీసేస్తావా?"

"తీసేస్తా. రేపట్నించి మన మండీలో గుడ్డ కింద బేరం లేదు. రైతు బెల్లం దించుతాడు. కొనేవాళ్లు చుట్టూ నిలబడి నోటితో పాట పాడతారు. ఎవురెక్కువ పాడితే సరుకు వాళ్లది. మన కమీషన్ మనకు. అంతే."

"కూరగాయల అంగడా ఇది?"

"కూరగాయలమ్మేవాడు రాత్రి నిద్రపోతాడు మే."

"వేలూరోళ్లు, తిరుత్తణోళ్లు ఇన్ని మండీలుంటే నీ మండీకే ఎందుకొస్తా ఉండారు? పక్కోడికి ధర తెలీకుండా, గుడ్డ కప్పుకోని, ఎంత ధరకు అన్ని నీ వేళ్లు పట్టి చెప్పుకోవచ్చని. నోటి పాటంటే ఒక్కడన్నా గడప తొక్కతాడా?"

"తొక్కితే తొక్కతారు. లేకుంటే లేదు. మండీని గోడౌనుకు బాడిగకిచ్చేసి తాళంచెవులు మొలకు కట్టుకోని కూసుంటా."

"మా మామ పెట్టిన మండీ అది!"

"మీ మామ పెట్టి పోయినాడు. మోస్తా ఉండేది నేను. ముప్పై ఏండ్లు మే! తెల్లారితే బండ్లు, ఈగలు, అరుపులు. 'దేవరాజులన్నా, రొంత ఎక్కువ ఇప్పించన్నా' అని రైతు ఒక పక్క. 'రొంత తగ్గించు నాయుడూ' అని సేటు ఒక పక్క. ఇద్దరికీ నేను మంచోణ్ణే కావాల. గానుగలో చెరుకును పిండినట్టు పిండేసినారు. ఇంగ పిప్పే ఉండేది. చాలు నాకు."

"అలిసిపోతే పది దినాలు పడుకో. ఎవురొద్దన్నారు? తమ్ముడుండాడు గదా, సుబ్రమణ్యం సూసుకుంటాడు."

"మీ తమ్ముడు తూకం సూస్తాడు, లెక్కలు సూస్తాడు. గుడ్డ కింద వాడి చేతిని ఎవురు నమ్ముతారు? మా నాయన చేతిని నమ్మినారు, నా చేతిని నమ్మినారు. అంతటితో సరి."

"అందుకే అడగతా ఉండా. అంత నమ్మిన చేతిని ఇప్పుడెందుకు తీస్తావు? ఈ నెల్లోనే పుట్టిందా ఈ బుద్ధి?"

"అలిసిపోయినానంటే ఒకసారికి అర్థం కాదా నీకు?"

"నాకు అర్థమవుతాది. ఊరికి వేరేగా అర్థమవుతా ఉండాది. ఏమనుకుంటా ఉండారో తెలుసా?"

"ఏమనుకుంటా ఉండారు?"

"నీకు తెలీదా?"

"నువ్వు చెప్పు."

"రైతు మునిరామయ్య బెల్లానికి వేలూరు సేటు సుందరరాజు గుడ్డ కింద నాలుగు వేళ్లు పట్టినాడంట. నువ్వు బయటికి మూడని చెప్పినావంట. మిగిలిన ఒక వేలు నువ్వూ సుందరరాజూ పంచుకోని తిన్నారంట. సుందరరాజు గుమాస్తా పాకాల స్టేషన్లో టీ తాగతా చెప్పుకోని నవ్వినాడంట."

"ఇంగ?"

"ఇంగా కావాల్నా? మునిరామయ్య ఒక్కడే గాదు, ఇంగా నలుగురు తేలినారు. అందరూ ముందర మండీలో కూసోనుండారు ఇప్పుడు. తమ్ముడు వాళ్లకు మజ్జిగలిచ్చి సముదాయిస్తా ఉండాడు. 'అక్కా, తినలేదని బావ తన నోటితో ఒక్క మాట చెప్తే చాలు, మిగిలింది నేను సూసుకుంటా' అన్నాడు. నేనేమన్నానో తెలుసా? నా మొగుడు ఒకరి ఎంగిలి తినేవాడు గాదు, తిన్నాడంటే నా నాలిక కోసుకుంటానన్నాను. అంతమంది మగోళ్ల ముందర!"

"ఎందుకన్నావు మే అట్లా?"

"ఏం? అనకూడదా?"

"రొంత కాపీ ఇయ్యి."

"యో, ఇట్లా తిరుగు. అనకూడదా నేను?"

"కాపీ ఇయ్యమంటా ఉండా గదా."

"ఇదో. ఇప్పుడే దించినా, కొంగుతో పట్టుకొచ్చినా. కింద పెట్టుకోని తాగు. మాట మార్చొద్దు. సుందరరాజు ఎన్ని వేళ్లు పట్టినాడు? నాలుగా, మూడా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"తెలీదంటే తెలీదు."

"పట్టింది నీ వేళ్లనే గదా! ముప్పై ఏండ్లు కండ్లు మూసుకోని బేరం చేసినోడివి, నీ చేతిలో ఏమయిందో నీకు తెలీదంటే నేను నమ్మల్నా? నేనే నమ్మకపోతే వాళ్లు... యో! యో, గలాసు దించు! ఆ గుప్పిటేంది, పొగలు పోతా ఉండాది, దించు! ఏదీ, చెయ్యి తే. అయ్యో సామీ, ఎట్లా కమిలిపోయింది సూడు! కాల్లేదా నీకు?"

"కాల్లేదు."

"తోలు ఎర్రగా అయిపోతే కాల్లేదంటావేంది?"

"ఇందాకట్నించి నేను చెప్పలేక చస్తా ఉండేది అదే. కాల్లేదు. నాకు కాలదు."

"ఎన్నాళ్లనించి?"

"పోయిన వానల్నించి. ముందు చిటికెన వేలు. తర్వాత దాని పక్కది. ఇప్పుడు శానావరకూ పోయింది. గుడ్డ కింద సేటు పడతాడు. ఎన్ని పట్టినాడో తెలీదు. వాడి మొకం సూసి, సరుకు సూసి, ఇంత ఉంటాదిలే అని చెప్పేస్తా ఉండాను. ఎక్కువ చెప్తే 'నేనంత పట్టలేదే' అని వాడే అరుస్తాడు, దిద్దుకుంటా. తక్కువ చెప్తే వాడెందుకు అరుస్తాడు? గమ్మున సరుకెత్తుకోని పోతాడు. రైతు నా మొకం సూసి దండం పెట్టి పోతాడు."

"వాతమేమోబ్బా. తైలం రుద్దితే..."

"వాతం గాదు."

"నీకెట్లా తెలుసు?"

"నాయుడుపేటలో పెండ్లికని పోయినా గదా. పెండ్లీ లేదు, నాయుడుపేటా లేదు. కాట్పాడి రైలెక్కి పోయి ఒక డాక్టరుకు చూపించినా. కండ్లు మూసుకో, దూదితో తాకతా, తాకినప్పుడు చెప్పు అన్నాడు. మూసుకోని కూసున్నా. ఎంతసేపటికీ తాకడే. 'ఇంగెప్పుడు తాకతావు సామీ' అన్నా. 'తాకి శానాసేపయిందయ్యా' అన్నాడు."

"ఏం రోగమన్నాడు?"

"వొద్దులే మే."

"చెప్పు."

"పెద్దరోగం. కుష్టు."

"గట్టిగా అనొద్దు! తొట్టి కాడ పనిచేసే ఆనందమ్మ గుడ్డలు ఉతకతా ఉండాది."

"చెప్పమంటివి, చెప్తిని."

"నిజంగా అదేనన్నాడా? ఇంగొకటి అయ్యుండదా?"

"అదే. మాత్రలిచ్చినాడు. ఏండ్లు మింగల్నంట. మింగితే కుదురుతాదంట, ఇంట్లోవాళ్లకు భయం లేదంట. వేళ్లలో పోయింది మాత్రం తిరిగి రాదంట."

"ఇన్నాళ్లూ ఆ మాత్రలు యాడ పెట్టుకున్నావయ్యా? నా పక్కనే పడుకోని, నాకు చెప్పకుండా?"

"చెప్తే నువ్వు నా పక్కన పడుకుంటావో లేదో అని భయమేసింది. ఇంగేముండాది చెప్పేదానికి?"

"పాపిష్టోడా! నన్ను అంత మాత్రమే సూసినావా?"

"ఏడవొద్దు. ముందర జనముండారు."

"సరే, ఏడవను. ఏడవను. డాక్టరు భయం లేదంటాడు, ఊరంటాదా? ఇదే రోగమొచ్చిన కుప్పమ్మ మొగుణ్ణి ఏం చేసినారో ఈ కండ్లతోనే సూస్తిమి గదా. గొడ్ల కొట్టంలో పెట్టి, కట్టెతో తట్ట తోసి కూడు పెట్టినారు. వాళ్ల పిల్లోళ్లను ఇస్కూల్లో ఒక్కరూ పక్కన కూసోనీలా. అది కూలోళ్ల ఇల్లు. మనది తినే సరుకయ్యా! ప్రతి దిమ్మె నువ్వు చేత్తో తట్టి సూసిందే. కాణిపాకం ఉండ్రాళ్లకూ అదే, బాలింతలు తినే కాయం మందుకూ అదే. తెలిస్తే మండీ గాదు, ఇంటికే నిప్పు పెడతారు."

"అందుకే గుడ్డ తీసేస్తానంటా ఉండేది. నోటి పాటకు చేతితో పనేముండాది? సరుకు తట్టేది మీ తమ్ముడు. నేను గల్లా కాడ కూసుంటా. ఇంగ ఎవురి కూడూ నా చేతి మిందుగా పోదు."

"బాగుండాది. ఉన్నట్టుండి గుడ్డెందుకు తీసినావంటే ఏం చెప్తావు?"

"అలిసిపోయినానని."

"పెండ్లాన్ని నేనే నమ్మలా. ముందర కూసున్నోళ్లు నమ్ముతారా? దొంగతనం బయటపడిందని తీసేసినాడంటారు."

"అంటే నిజమే చెప్పేస్తా."

"నోరు మూసుకో!"

"నీకు తెలీదు మే. మునిరామయ్య ఏమనేవాడో తెలుసా? 'నువ్వు చెప్తే చాలన్నా, నేను సూడాల్నా?' అనేవాడు. బండి దించేసి, ధర కూడా అడక్కుండా చెట్టు కింద పడుకోని నిద్రపోయేవాడు. నిన్న చెంబుతో నీళ్లిస్తే తాకలా. నా మొకం సూసి లేచి పోయినాడు. రోగమన్నా మోస్తా గానీ దొంగ అనే మాట నేను మోయలేను. మా నాయన పేరు మే అది."

"మీ నాయన పోయి ఎన్నాళ్లయింది? దేవకికి తొమ్మిదేండ్లు, చిన్నోడికి ఆరు. వాళ్లు మోస్తారా నీ రోగం పేరు?"

"అంటే, చెయ్యని దొంగతనం చేసినానని ఒప్పుకోమంటావా? నా నోరు రాదు."

"నీ నోరు రాదని నాకు తెలుసు."

"అక్కా!"

"వచ్చినాడు. గమ్మునుండు. ఆ చెయ్యి టవల కింద పెట్టుకో."

"అక్కా, వాళ్లు ఇంగ ఆగేటట్టు లేరు. బావా, నాకు నీ మింద అనుమానం లేదు, నీ కాళ్ల మింద ఒట్టు. కానీ నీ నోటితో వినాలంటా ఉండారు. ఆ డబ్బు నువ్వు తిన్నావా లేదా, ఒక్క మాట. నేను పోయి వాళ్ల నోళ్లు మూయిస్తా."

"సుబ్రమణ్యం, కూసో. ఒకటి చెప్తా విను. నా చెయ్యి, నాయనా..."

"ఆయన్నెందుకు అడగతావు? నన్నడుగు."

"నిన్నేం అడిగేదక్కా? నాలిక కోసుకుంటానని పొద్దన్నే అంటివి గదా."

"పొద్దన నేను చెప్పింది అబద్ధం. పో, పోయి చెప్పు. ఎవురెవురికి ఎంత పోయిందో అంతా కట్టేస్తాం. ఇంగ ఈ ఇంటి చేతిని నమ్మొద్దు, గుడ్డ తీసేసి నోటి పాట పెట్టమని వాళ్లనే గట్టిగా అడగమను. మేము ఒప్పుకుంటాం."

"అంటే... బావ తిన్నాడా?"

"మే, వరదా! వొద్దు!"

"తిన్నాడురా. నేనే తినమన్నాను."